నీటి మీద కాపురాలు

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు మన పెద్దలు. ఈ రెండింట్లోని కష్టం ఇల్లాలికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఇల్లంటే మన ఆలోచన అంతా నేల చుట్టూనే తిరుగుతుంది. స్థలం కొనడం, శంకుస్థాపన, పునాది, గడప ఎత్తడం, గృహప్రవేశం - అన్నీ భూమితో ముడిపడ్డవే. సెంటు భూమి లేనివాడంటే దిక్కులేనివాడని అర్థం చెప్పుకుంటాం. మరి తరతరాలుగా గజం నేలైనా లేకుండా, పునాది అన్న మాటే ఎరక్కుండా, నీళ్ళ మీద పుట్టి, నీళ్ళ మీద పెళ్ళాడి, అక్కడే పిల్లల్ని కని పెంచి, అక్కడే కన్నుమూసిన జనం ఉన్నారంటే ఆశ్చర్యంగా ఉండదూ? ఈ పూట హాంగ్‌కాంగ్ రేవులోని ఆ పడవ కాపురాల గురించి చెప్పుకుందాం. వాళ్ళ కథలో ఇల్లూ ఉంది, పెళ్ళీ ఉంది. ఆ రెండూ వాళ్ళకు తెచ్చిపెట్టిన చిక్కులు మాత్రం ఆ సామెత చెప్పినవాళ్ళు కూడా ఊహించి ఉండరు.

హాంగ్‌కాంగ్ అనగానే మనకు ఆకాశాన్నంటే మేడలు, ఒకప్పుడు విదేశాల నుంచి వచ్చేవాళ్ళు తెచ్చే వాచీలు, మడత గొడుగులు, టేప్ రికార్డర్లు గుర్తుకొస్తాయి. ఆ మేడలేవీ లేనప్పుడు కూడా అక్కడ పడవలున్నాయి. హాంగ్‌కాంగ్ దీవికి దక్షిణాన అబర్డీన్ అని ఒక రేవుంది. బ్రిటిషువాళ్ళు తమ విదేశాంగ మంత్రి అబర్డీన్ ప్రభువు పేరు దానికి పెట్టారు. చైనీయులు మాత్రం ఆ రేవును తమ భాషలో "చిన్న హాంగ్‌కాంగ్" అనే పిలుచుకుంటారు. హాంగ్‌కాంగ్ అంటే సువాసనల రేవు అని అర్థం. పూర్వం ధూపానికి వాడే సుగంధపు చెక్క ఈ తీరం నుంచి ఎగుమతి అయ్యేదట, అందుకే ఆ పేరు వచ్చిందని చెబుతారు. అబర్డీన్‌కు ఎదురుగా ఆప్ లేయ్ చౌ అని చిన్న దీవి ఉంది. బాతు నాలుక దీవి అని ఆ పేరుకి అర్థం. ఈ రెండింటి మధ్య కాలువలా ఉన్న నీటిపాయలో, కొండల చాటున, గాలికీ అలలకీ కాస్త రక్షణ ఉన్న చోట వందలూ వేలూ పడవలు పక్కపక్కన లంగరు వేసుకుని ఒక ఊరుగా ఏర్పడ్డాయి. ఒక పడవ మీంచి ఇంకో పడవ మీదికి అడుగు వేసుకుంటూ పేరంటానికి వెళ్ళిరావచ్చునన్నమాట!

ఈ ఊరు నిన్నా మొన్నటిది కాదు. ఆప్ లేయ్ చౌ మీద హుంగ్ షింగ్ అనే సముద్ర దేవుడి గుడి 1773 నాటిది. 1841 లో బ్రిటిషువాళ్ళు హాంగ్‌కాంగ్ దీవిని ఆక్రమించుకోగానే జనాన్ని లెక్కపెట్టించారు. దీవి మొత్తం మీద తేలినవాళ్ళు 7,450 మంది. అందులో 2,000 మంది పడవల్లో ఉన్నవాళ్ళే! అంటే ఆ మహానగరానికి మొదటి పౌరుల్లో నలుగురికి ఒకరు నీటిమీది మనిషి.

ఎవరీ నీటిమీది మనుషులు?

ఒడ్డు మీద ఉండేవాళ్ళు వీళ్ళను "టాంకా" అనేవారు. అది గౌరవంగా పిలిచే పిలుపు కాదు. వాళ్ళు తమను "నీటిమీది మనుషులం" అనే చెప్పుకుంటారు. మరో సంగతి. 1975 తర్వాత వియత్నాం నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని పడవల్లో వచ్చిన శరణార్థులను కూడా పత్రికలు "పడవ మనుషులు" అనే రాశాయి. వాళ్ళు వేరు, వీళ్ళు వేరు. వీళ్ళు దక్షిణ చైనా తీరంలో తరతరాలుగా చేపలు పట్టుకుంటూ, సరుకులు మోస్తూ, మనుషులను రేవు దాటిస్తూ బతికినవాళ్ళు.

ఒడ్డువాళ్ళు వీళ్ళను చాలా చులకనగా చూసేవారు. ఊళ్ళో ఇల్లు కట్టుకోనిచ్చేవారు కాదు, పిల్లనిచ్చేవారు కాదు, తమ పిల్లల్ని చేసుకునేవారు కాదు. వీళ్ళ కాళ్ళకు ఆరు వేళ్ళుంటాయని కూడా ప్రచారం చేశారు! 1729 లో యుంగ్‌చెంగ్ అనే చైనా చక్రవర్తి, పడవ జనం ఒడ్డున ఊళ్ళలో నివాసం ఉండవచ్చునని ఫర్మానా జారీ చేశాడు. కాగితం మీద హక్కు వచ్చింది. కానీ ఇరుగుపొరుగు మనసులు ఫర్మానాలతో మారతాయా? నేల కొనడానికి డబ్బూ లేదు, కొన్నా ఉండనిచ్చే ఊరూ లేదు. దాంతో తరం తర్వాత తరం నీళ్ళ మీదే గడిచిపోయింది.

వీళ్ళు వేరే జాతివాళ్ళనీ, అసలు చైనీయులే కారనీ పండితులు కూడా చాలాకాలం రాశారు. ఆ మాటల్లో నిజమెంతో తేల్చుకోవాలని 1950 నుంచీ బార్బరా వార్డ్ అనే ఇంగ్లీషు పరిశోధకురాలు కౌ సాయ్ అనే పల్లెలో పడవ కుటుంబాల మధ్య ఉండి, వాళ్ళ బతుకును దగ్గర నుంచి చూసింది. వాళ్ళు మాట్లాడేది కాంటన్ ప్రాంతపు చైనీసు భాషే. మొక్కేది చైనా దేవతలకే. మేమూ అందరిలాంటి చైనీయులమే అన్నది వాళ్ళ నమ్మకం. ఇల్లు తేలుతోంది గనుక మనిషే వేరన్నది ఒడ్డువాళ్ళు కల్పించుకున్న మాట.

పడవలో సంసారం

ఇక ఇంటి సంగతి చూద్దాం. చేపలు పట్టే పెద్ద తెరచాప ఓడను అక్కడ జంక్ అంటారు. చిన్న దోనె సంపాన్. జంక్ వెనక భాగం ఎత్తుగా లేచి ఉంటుంది. ఇల్లాలి రాజ్యం అక్కడే. పొయ్యి, కుండలు, పెంచుకునే కోళ్ళ గంప అన్నీ ఆ వెనక వైపే. ముందు వైపు వలలు, తాళ్ళు. నడుమ చాపలు పరుచుకుని అత్తా మామా, కొడుకులూ కోడళ్ళూ, మనవలూ నిద్రపోతారు. పగలు చాప చుట్టేస్తే అదే కూర్చునే చోటు, అదే పనిచేసే చోటు. మూడు తరాల ఉమ్మడి కుటుంబం మన వంటింటికి రెండింతలుండే జాగాలో సర్దుకోవాలి. ఏ వస్తువుకైనా చోటంటూ ఒకటే. ఉంచిన చోట ఉంచకపోతే అది మళ్ళీ దొరకదు, సముద్రంలో కలుస్తుంది.

చుట్టూ నీళ్ళే, తాగడానికి మాత్రం గుక్కెడు ఉండవు. మంచినీళ్ళు ఒడ్డు నుంచి తెచ్చుకోవాలి, లేదా కొనుక్కోవాలి. అందుకని స్నానమైనా, బట్టలైనా, పాత్రలైనా కొలతగానే. అన్నానికి వాడే నీళ్ళు మరి దేనికీ వాడరు.

పిల్లల సంగతి తలచుకుంటే మన తల్లి ప్రాణం తల్లడిల్లుతుంది. నేల మీద పిల్లవాడు పడితే మోకాలు గీసుకుపోతుంది. పడవలో పడితే పిల్లవాడే పోతాడు. కాబట్టి పాకే వయసు వచ్చిందంటే నడుముకు తాడు కట్టి, రెండో కొస పడవకు బిగించేవారు. కొందరు పిల్లల వీపుకు తేలే చెక్కముక్కనో, ఎండిన సొరబుర్రనో కట్టేవారు - జారిపడినా బుర్ర తేలుతూ ఉంటే తల్లి చూసి లాగుతుందని. చంటిపిల్ల మాత్రం ఎప్పుడూ తల్లి వీపునే. నాలుగు మూలలా పట్టీలున్న గుడ్డలో పిల్లను వీపున కట్టుకుని, నిలబడి తెడ్డు వేస్తూ, రేవులో అటూ ఇటూ మనుషుల్ని దాటించే సంపాన్ స్త్రీల ఫోటోలు ఎన్నో ఉన్నాయి. పరాయి దేశాల యాత్రికులకి అది అందమైన దృశ్యం. ఆ తల్లికి అది పూటకూడు.

ఇక్కడ ఒక విశేషం చెప్పుకోవాలి. పూర్వం చైనాలో ఆడపిల్లల పాదాలను చిన్నప్పుడే గుడ్డలతో బిగించి కట్టి, పెరగకుండా చేసే దురాచారం ఉండేదని మీరు చదివే ఉంటారు. పడవ స్త్రీల పాదాలు ఎప్పుడూ కట్టలేదు. ఊగే పలక మీద నిలబడాలి, తాడు లాగాలి, చుక్కాని పట్టాలి. వల లాగడంలో ఆడా మగా తేడా లేదు. ఒడ్డు మీది దొరసానులు ఆ పెద్ద పాదాలను చూసి నవ్వేవారు. ఈ కాలంలో మనం చూస్తే ఎవరిని చూసి ఎవరు జాలిపడాలో తెలుస్తుంది.

వాళ్ళ భోజనం దగ్గరి పట్టింపులు కూడా ముచ్చటగా ఉంటాయి. పళ్ళెంలో చేప ఒక పక్క తినేశాక రెండో పక్కకు తిప్పరు. తిప్పితే పడవ బోర్లా పడుతుందని! ముల్లు తీసేసి కింది భాగం తింటారు. గిన్నెలు బోర్లించి పెట్టరు. తినే పుల్లలను గిన్నె మీద అడ్డంగా ఉంచరు, అది పడవ ఇసుకలో చిక్కుకున్నట్టు కనబడుతుందట. మనం గడప మీద కూర్చోవద్దంటామే, అలాంటివే ఇవీ. ఇంటిని గురించిన భయం ఏ ఇల్లాలికైనా ఒకటే. బియ్యం బాగా మెత్తగా ఉడికించి, చేపముక్కలు, వేరుశనగపప్పు వేసిన జావ వాళ్ళ వంట. సంపాన్ జావ అనే పేరుతో అది హాంగ్‌కాంగ్ హోటళ్ళలో ఈనాటికీ దొరుకుతుంది.

ప్రతి పడవలో ఒక చిన్న పూజా పీఠం ఉండేది. పితృదేవతలకు ఒడ్డువాళ్ళలా పేర్లు రాసిన పలకలు కాకుండా చిన్న చిన్న చెక్క బొమ్మలు చేసి పెట్టుకునేవారు. చిన్నతనంలోనే పోయిన బిడ్డలకు కూడా అలా బొమ్మలుండేవి. అన్నింటికంటే మిన్నగా కొలిచేది టిన్ హౌ అనే సముద్ర దేవతను. ఆమె ఒకప్పుడు ఫూకియెన్ తీరంలో లిన్ అనే ఇంటివారి ఆడపిల్ల అనీ, సముద్రంలో చిక్కుకున్నవాళ్ళను కాపాడి దేవత అయిందనీ వాళ్ళ నమ్మకం. చైనా పంచాంగం ప్రకారం మూడో నెల ఇరవై మూడో రోజు ఆమె పుట్టినరోజు. అబర్డీన్‌లో ఆమె గుడి 1851 లో కట్టారు. అయిదో నెల అయిదో రోజున డ్రాగన్ పడవల పందేలు. ఆ రెండు పండగల్లో రేవంతా జెండాలతో, టపాకాయలతో, తప్పెట్లతో మారుమోగేది.

గాలివాన వస్తే

పండగల సంగతి అలా ఉంచండి. పడవ ఇంటికి అసలు శత్రువు తుఫాను. 1906 సెప్టెంబరు 18 న హాంగ్‌కాంగ్ మీద పడిన తుఫాను సుమారు రెండు గంటల్లో పది వేల మందిని పొట్టన పెట్టుకుందని అంచనా. చచ్చిపోయినవాళ్ళలో చాలామంది పడవ జనమే. హెచ్చరిక అందిన కొద్దిసేపటికే గాలి విరుచుకుపడింది. పడవలు తలదాచుకునేందుకు రాతి గోడతో చుట్టిన తుఫాను రేవు అప్పటికి ఒక్కటే ఉంది. కాజ్‌వే బే అనే చోట 1883 లో కట్టింది. అందరికీ అందులో చోటెక్కడిది? ఆ ఘోరం తర్వాతనే యావ్ మా తేయ్ అనే చోట రెండో తుఫాను రేవు కట్టారు. అది పూర్తయింది 1915 లో. 1937 లో మళ్ళీ ఒక తుఫాను వేల మందిని మింగింది. 1962 లో వచ్చిన వాండా తుఫాను నూట ముప్ఫై మందిని చంపి, డెబ్బై రెండు వేల మందిని నిలువనీడ లేకుండా చేసింది.

మన ఇంటికి గాలివాన వస్తే పైకప్పు ఎగిరిపోతుంది. గోడలు మిగులుతాయి, కనీసం స్థలమైనా మిగులుతుంది. పడవ మునిగితే ఇల్లూ, వాకిలీ, జీవనాధారమూ, పొదుపు చేసుకున్న నగా నట్రా, పితృదేవతల బొమ్మలూ అన్నీ ఒక్కసారే పోతాయి. మళ్ళీ అప్పు చేసి ఇంకో పడవ కొనాలి. ఆ అప్పు ఇచ్చేది ఒడ్డు మీది చేపల షావుకారు. అతను చెప్పిన ధరకే చేప అమ్మాలి. తీర్చేలోగా ఇంకో తుఫాను రానే వస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక, 1945 లో ప్రభుత్వం చేపల అమ్మకానికి ఒక సంస్థను పెట్టింది. వేలంలో న్యాయమైన ధరకు అమ్మించడం, తక్కువ వడ్డీకి అప్పులివ్వడం, జాలరి పిల్లల కోసం బడులు నడపడం దాని పని. అంతకు ముందు చదువు అన్నది పడవ పిల్లలకు లేదనే చెప్పాలి. నాలుగు రోజులు ఇక్కడ, నాలుగు రోజులు నడిసముద్రంలో ఉండే పిల్ల ఏ బడికి వెళుతుంది?

కానీ చదువు రాకపోయినా తెలివికేం తక్కువ లేదు సుమా! యెల్లో రివర్ కాంటాటా అనే ప్రఖ్యాత సంగీత రూపకాన్ని 1939 లో రచించిన షియన్ షింగ్‌హాయ్, 1905 లో మకావ్ రేవులో ఇలాంటి పడవ జనంలోనే పుట్టాడు. ఆయన పుట్టకముందే తండ్రి పోతే, తల్లి ఇళ్ళల్లో పనిచేసి పెంచింది. హాంగ్‌కాంగ్ కోటీశ్వరుల్లో ఒకడైన హెన్రీ ఫాక్ కూడా 1923 లో పడవ కుటుంబంలో పుట్టి, ఏడేళ్ళకే తండ్రిని పోగొట్టుకున్నవాడే. ఓడలు బళ్ళవుతాయి, బళ్ళు ఓడలవుతాయి అంటారు మనవాళ్ళు. ఇక్కడ ఓడలే మేడలయ్యాయి.

ఒడ్డు పిలిచింది

1961 జనాభా లెక్కల్లో హాంగ్‌కాంగ్ పడవల్లో ఉన్నవాళ్ళు సుమారు 1,36,000 మంది. 1971 కి అది దాదాపు 80,000 అయింది. 1981 కి 50,000. 1991 కి పదిహేడున్నర వేలు. 2011 కి వచ్చేసరికి పన్నెండు వందలు! యాభై ఏళ్ళలో ఒక మహా పట్టణమంత ఊరు నీటి మీంచి మాయమైపోయింది. ఎక్కడికి పోయింది? ఒడ్డెక్కింది.

కారణాలు చాలా ఉన్నాయి. తెరచాపలు పోయి ఇంజన్లు వచ్చాయి. ఇంజన్ పడవకు ఇంతమంది చేతులక్కర్లేదు. ఫ్యాక్టరీలు వచ్చాయి. నెల తిరిగేసరికి జీతం తెచ్చే ఉద్యోగం కుర్రవాళ్ళను ఆకర్షించింది. రేవును పూడ్చి భూమి చేయడం మొదలైంది. 1883 నాటి మొదటి తుఫాను రేవు ఉన్న చోటే 1957 లో విక్టోరియా పార్కు వెలిసింది. పైగా ప్రభుత్వం పేదలకు మేడలు కట్టడం ప్రారంభించింది. అబర్డీన్ కొండ మీద 1960ల మొదట్లో హౌసింగ్ సొసైటీ కట్టిన యూ క్వాంగ్ చున్ ముఖ్యంగా జాలరి కుటుంబాల కోసమే. "జాలరి దీపాల పేట" అని దాని పేరుకు అర్థం చెప్పుకోవచ్చు. 1980 లో ఆప్ లేయ్ చౌకు వంతెన వచ్చింది. బాతు నాలుకంత దీవి ఇప్పుడు ప్రపంచంలో బాగా కిక్కిరిసిన దీవుల్లో ఒకటి.

ఒడ్డెక్కిన ఇల్లాలికి ఏం దొరికింది? మొట్టమొదట, కొళాయి. తిప్పితే మంచినీళ్ళు! పిల్లవాడి నడుముకు తాడు కట్టనక్కర్లేదు. బడి పక్కనే ఉంది. గాలి వీస్తే గుండె దడదడలాడనక్కర్లేదు. ఈ సుఖాలు చిన్నవని అనడానికి వీల్లేదు. పడవ బతుకు ఎంత అందంగా ఉండేదో అని నిట్టూర్చే యాత్రికులు ఆ నీళ్ళ బిందె మోసినవాళ్ళు కారు.

పోగొట్టుకున్నవీ ఉన్నాయి. అల ఊపుతుంటే గాని నిద్రపట్టని ముసలమ్మలకు కదలని మంచం మీద నిద్ర రాలేదు. పక్క పడవ వాళ్ళు పక్కింటివాళ్ళు కాలేదు, చెరో అంతస్తుకూ చేరారు. పెళ్ళికి ముందు ఆడపిల్ల తల్లినీ, తోడబుట్టినవాళ్ళనీ తలచుకుని ఏడుస్తూ పాడే పాటలుండేవి. ఉప్పునీటి పాటలని వాటికి పేరు. మన అప్పగింతల పాటల్లాంటివే. పాడేందుకు పడవ లేదు, వినేందుకు చుట్టూ పడవలూ లేవు. ఆ పాటలు తెలిసినవాళ్ళు ఇప్పుడు అక్కడొకరూ ఇక్కడొకరూ.

పడవ పెళ్ళికూతుళ్ళు

ఇంతవరకూ ఇంటి మాట. ఇప్పుడు పెళ్ళి మాట. ఈ చరిత్రలో మనలాంటివాళ్ళు ముఖ్యంగా తెలుసుకోవలసిన ఘట్టం ఇదే.

ఒడ్డు మీద మేడలు కడుతున్నారన్నాను గదా, అవి అందరికీ ఒకేసారి దొరకలేదు. యావ్ మా తేయ్ తుఫాను రేవులో ఎన్నో కుటుంబాలు సముద్రానికి వెళ్ళే శక్తి లేని పాత పడవల్లో మగ్గుతూ ఉండేవి. కుళ్ళిన పలకలు, కింది నుంచి ఊరే నీళ్ళు, నీళ్ళలో పడి చనిపోయే పిల్లలు. మమ్మల్ని ఒడ్డున ఎక్కడైనా పెట్టండని వాళ్ళు అడుగుతూ వచ్చారు. 1979 జనవరిలో కొందరు బస్సులెక్కి గవర్నరుకు మహజరు ఇచ్చుకుందామని బయలుదేరారు. సముద్రం కింది సొరంగం దాటుతుండగానే పోలీసులు బస్సులు ఆపి, వాళ్ళనూ వెంట ఉన్న సంఘసేవకులనూ కలిపి డెబ్బై మందికి పైగా అరెస్టు చేశారు. చట్టవిరుద్ధంగా గుమిగూడారన్నది నేరం! ఇల్లు కావాలని అడగడానికి బస్సులో కూర్చోవడం నేరమా అని హాంగ్‌కాంగ్ అంతా గగ్గోలు పుట్టింది.

అంతకంటే విచిత్రమైన చిక్కు పెళ్ళాలది. ఒడ్డువాళ్ళు పిల్లనివ్వరు కాబట్టి పడవ కుర్రవాళ్ళు మామూలుగా పడవ పిల్లలనే చేసుకునేవారు. చైనా తీరంలోనూ వాళ్ళ బంధువర్గమే ఉంది. సముద్రంలో సరిహద్దు గీత కనబడదు. అక్కడి పిల్లను చేసుకుని పడవలో తెచ్చుకునేవారు. హాంగ్‌కాంగ్ ప్రభుత్వం లెక్కలో ఆ పిల్ల అనుమతి లేకుండా చొరబడిన మనిషి. 1980 అక్టోబరు నుంచీ నిబంధనలు మరీ బిగించారు. చైనా నుంచి అనుమతి లేకుండా వచ్చినవాళ్ళను పట్టుకుంటే వెనక్కు పంపేయడమే. గుర్తింపు కార్డు ఎప్పుడూ దగ్గర ఉండాల్సిందే. ఈ ఆడవాళ్ళకు కార్డెక్కడిది? పడవలో ఉన్నంతకాలం గుట్టుగా సంసారం చేసుకోవచ్చు. ఒడ్డు మీద అడుగు పెట్టిందా, పట్టుకుని పంపేస్తారు.

ఒక్కసారి ఆలోచించండి. ఆమె భర్త హాంగ్‌కాంగ్ పౌరుడు. ఆమె కన్న బిడ్డలు అక్కడి పౌరులు. ఎదురుచూసి ఎదురుచూసి ప్రభుత్వం వాళ్ళకు ఒక ఫ్లాటు ఇస్తే, అందులోకి భర్త వెళ్ళవచ్చు, పిల్లలు వెళ్ళవచ్చు, ఆమె వెళ్ళడానికి వీల్లేదు! ఇంటికోసం అందరికంటే ఎక్కువ తపించిన ఇల్లాలికే ఆ ఇంట్లో చోటు లేదు. ఇల్లు కావాలంటే కాపురం విడిపోవాలి, కాపురం నిలవాలంటే కుళ్ళిన పడవలోనే ఉండాలి. పత్రికలు వీళ్ళకు "పడవ పెళ్ళికూతుళ్ళు" అని పేరు పెట్టాయి. పేరు చూస్తే పేరంటంలా ఉంది, బతుకు చూస్తే చెరసాల.

వాళ్ళు ఊరుకోలేదు. బిడ్డల్ని చంకన వేసుకుని అధికారుల ముందుకు వెళ్ళారు. సంఘసేవకులు, మతాచార్యులు వెంట నిలిచారు. ఫ్రాంకో మెల్లా అనే ఇటలీ దేశపు కాథలిక్ ఫాదరు వాళ్ళకోసం 1980ల నడిమికాలంలో నిరాహారదీక్ష పట్టాడు. ఆ తర్వాతనే ప్రభుత్వం మెత్తబడి, వాళ్ళు ఒడ్డున ఉండేందుకు దారి దొరికింది. 1729 లో చక్రవర్తి ఫర్మానాతో తీరని సమస్య రెండున్నర శతాబ్దాల తర్వాత ఆడవాళ్ళ పట్టుదలతో ఒక కొలిక్కి వచ్చిందనవచ్చు.

తేలే హోటళ్ళు

పడవ పెళ్ళిళ్ళ విందుల నుంచి పుట్టిన మరో వింత ఉంది. ఒడ్డు మీది హోటళ్ళలో వీళ్ళకు అంత మర్యాద దొరికేది కాదు. కాబట్టి పెద్ద పడవలను అలంకరించి, వాటి మీదే పెళ్ళి విందులు, పాట కచేరీలు జరుపుకునేవారు. వాటిలోంచే అబర్డీన్ తేలే హోటళ్ళు పుట్టుకొచ్చాయి. 1950ల తొలినాళ్ళలో తాయ్ పాక్, తర్వాత సీ ప్యాలెస్, చివరికి జంబో. జంబో ఇంకా తెరవకముందే, 1971 అక్టోబరులో అగ్ని ప్రమాదం జరిగి 34 మంది చనిపోయారు. మళ్ళీ కట్టి 1976 లో తెరిచారు. రాజుల కోటలా ఎర్రరంగు, బంగారు రంగు, డ్రాగన్ బొమ్మలు, వేలకు వేల దీపాలు. ఒకేసారి రెండు వేల మందికి పైగా కూర్చుని తినేవారు. రాణులు, సినిమా తారలు వచ్చి వెళ్ళారు. వాళ్ళ ఫోటోలు గోడలకెక్కాయి. వాళ్ళను పడవలో దాటించిన సంపాన్ స్త్రీ ఫోటో మాత్రం పోస్టుకార్డుల మీద పేరు లేకుండా మిగిలింది.

కాజ్‌వే బే రేవులో ఇంకో తరహా. సాయంత్రమైతే జనం చిన్న పడవలను అద్దెకు తీసుకునేవారు. వంట పడవ పక్కకు వచ్చి, వేయించిన వెల్లుల్లి, మిరపకాయలు దండిగా వేసి పీతలు వండిపెట్టేది. పాట పడవ వచ్చి పాటలు వినిపించేది. 1990ల నడుమకల్లా అదంతా ముగిసింది. ఆ వంటకం "తుఫాను రేవు పీత" అనే పేరుతో ఒడ్డు మీది హోటళ్ళకు ఎక్కింది. వంటలు కూడా మనుషుల్లాగే ఒడ్డెక్కాయన్నమాట.

కరోనా వచ్చి 2020 మార్చిలో జంబో మూతపడింది. 2022 జూన్‌లో దాన్ని లాక్కుపోతుంటే దక్షిణ చైనా సముద్రంలో బోల్తాపడింది. ఆ వార్త ప్రపంచమంతా మోగింది. ఎన్నో పడవ ఇళ్ళు అంతకు ముందే నిశ్శబ్దంగా మాయమైనప్పుడు అంత సంతాపం ఎవరూ ప్రకటించలేదు.

చేపల పని కూడా తగ్గిపోయింది. సముద్రంలో చేప తరిగిపోతోందని 1999 నుంచీ వేసవిలో కొంతకాలం దక్షిణ చైనా సముద్రంలో వేట ఆపారు. 2012 డిసెంబరు 31 నుంచీ హాంగ్‌కాంగ్ నీళ్ళలో అడుగు ఊడ్చే పెద్ద వలలను పూర్తిగా నిషేధించారు. అబర్డీన్ రేవులో ఇప్పటికీ పడవలున్నాయి. సంపాన్‌లో యాత్రికులను తిప్పి చూపించే ముసలమ్మలూ ఉన్నారు. తుఫాను హెచ్చరిక వస్తే పడవలన్నీ ఆ నీటిపాయలోకి వచ్చి చేరడమూ ఉంది. కానీ రాత్రయ్యేసరికి చాలామంది లిఫ్టెక్కి తమ ఫ్లాటుకు వెళ్ళిపోతారు.

ఈ కథలో మనం నేర్చుకోవలసింది ఏమిటంటే, ఇల్లు అనేది ఇటుకలతో అయ్యేది కాదు, పలకలతో అయ్యేదీ కాదు. పూట పూటకూ పొయ్యి వెలిగించి, ఉన్న కాసిని నీళ్ళు లెక్కపెట్టి, పిల్లవాడి నడుము తాడు ముడి సరిగ్గా ఉందో లేదో పదిసార్లు చూసుకునే మనిషి వల్ల అది ఇల్లవుతుంది. అలాంటప్పుడు ఇంటి కాగితాల మీద ఆమె పేరు ఉండటం న్యాయం. హాంగ్‌కాంగ్ పడవ స్త్రీలు ఆ కాగితం కోసం ఏళ్ళ తరబడి పోరాడవలసి వచ్చింది. మన ఇంటి దస్తావేజుల్లో, రేషను కార్డులో, బ్యాంకు పుస్తకంలో మన పేరు ఎక్కడుందో, అసలుందో లేదో, ఈ సాయంత్రం పని తెమిలాక ఒకసారి పెట్టె తెరిచి చూసుకోవడం మంచిది.